భారతదేశంలో విద్యుత్ వాహనాల చార్జింగ్ వ్యవస్థ: చరిత్ర

విద్యుత్ వాహనాలకు కరెంటు నింపే కేంద్రాలు, ఆ కరెంటును మోసుకొచ్చే ఫీడర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ధరల నిబంధనలు అన్నీ కలిస్తే చార్జింగ్ వ్యవస్థ. దేశంలో దీని చరిత్ర దాదాపు పాతికేళ్లదే.

2001లో బెంగళూరులో అమ్మకానికి వచ్చిన రేవా కారుకు ప్రత్యేక కేంద్రం అక్కర్లేకపోయింది. గీజరు పెట్టుకునే 15 ఆంపియర్ల ప్లగ్గు చాలు. 2015 ఏప్రిల్‌లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఫేమ్ పథకంతో వాహనాల కొనుగోలుకు రాయితీ వచ్చింది. 2017లో భారత్ ఏసీ-001, డీసీ-001 చార్జర్ల ప్రమాణాలు వెలువడ్డాయి. మొదటి రకంలో 3.3 కిలోవాట్ల సాకెట్లు మూడు. రెండో రకం 15 కిలోవాట్లది.

అసలు అడ్డంకి మాత్రం చట్టంలో ఉండేది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు పంపిణీకి, వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. బ్యాటరీ నింపి డబ్బు తీసుకోవడం కరెంటు అమ్మకమే అయితే హోటలు, పెట్రోలు బంకు, అపార్టుమెంటు సంఘం ఏవీ కేంద్రం తెరవలేవు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ చార్జింగ్‌ను సేవగా తేల్చి లైసెన్సు అక్కర్లేదంది. ఈ రంగంలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు.

అదే ఏడాది డిసెంబరులో వచ్చిన మార్గదర్శకాలు నగరాల్లో మూడు కిలోమీటర్ల చదరానికి ఒక కేంద్రం, రహదారులకు ఇరువైపులా 25 కిలోమీటర్లకొకటి ఉండాలన్నాయి. తొలి విడత నగరాల్లో హైదరాబాద్ ఒకటి. అక్కడ మియాపూర్ మెట్రో స్టేషన్ వద్ద ప్రభుత్వ సంస్థ పవర్‌గ్రిడ్ కేంద్రం ఆ ఏడాదే మొదలైంది. విద్యుత్ వాహన విధానాన్ని ఆంధ్రప్రదేశ్ 2018లో, తెలంగాణ 2020లో ప్రకటించాయి.

ఈ మార్గదర్శకాలు ప్రధానంగా దూరాన్నే కొలిచాయి. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు కావలసింది వేరే లెక్క. మామూలు ఇంటి మంజూరు లోడు కొద్ది కిలోవాట్లే. కారు చార్జరు ఒక్కటే ఏడు కిలోవాట్లు లాగగలదు. ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లంతా సాయంత్రం ఒకేసారి ప్లగ్గు పెడితే, ఏసీలు, వంటింటి లోడు కూడా అప్పుడే పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. రాష్ట్రం మొత్తంలో కరెంటుకు కొరత లేకపోయినా ఆ వీధికి సరఫరా తెగిపోవచ్చు. బస్సు డిపోల సంగతి కొంత తేలిక: అక్కడ లోడు పెద్దదే అయినా ఎంతో, ఎప్పుడో ముందే తెలుస్తుంది. హైటెన్షన్ కనెక్షన్, సొంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు. తెలంగాణ ఆర్టీసీ 2019లో 40 విద్యుత్ బస్సులను హైదరాబాద్‌లో ఇలా డిపోల నుంచే నడపడం మొదలుపెట్టింది.

డబ్బు కూడా క్రమంగా తీగల వైపు మళ్లింది. 2023లో మూడు ప్రభుత్వ చమురు సంస్థలకు 7,432 కేంద్రాల కోసం మంజూరైన 800 కోట్ల రూపాయల్లో ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుళ్ల వంటి ఏర్పాట్లకూ వాటా ఉంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు ఇంటివాళ్లు వాహనానికి విడిగా కనెక్షన్ కోరే వీలిచ్చాయి. ఆ సెప్టెంబరు మార్గదర్శకాలు కేంద్రాలకిచ్చే కరెంటు ధరను వేళతో ముడిపెట్టాయి: ఎండవేళ సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతు. పగటి సౌర విద్యుత్తును వాహనాల్లోకి మళ్లించి, సాయంత్రపు భారాన్ని తగ్గించడం దీని ఉద్దేశం.