చంకన జోలె: వలస తెలుగువారి నడక చరిత్రలో ఒక పుట

రాష్ట్రేతర తెలుగువారి చరిత్రను మనం సాధారణంగా శాసనాలతో మొదలుపెడతాం. విజయనగర దండనాయకుల వెంట తమిళదేశం చేరిన కుటుంబాలు, మధుర, తంజావూరు నాయక రాజుల కొలువులు, బరంపురం పట్టు, షోలాపూరు మగ్గాలు - ఇవే మన ప్రకరణాలు. ఇవి చాలావరకు రాజుల పేర్లతోను, వృత్తుల పేర్లతోను నడిచే కథలు. కాని రైలు రాకముందు ఈ వలసల్లో ఎక్కువ భాగం కాలినడకనే సాగింది. నడిచినవారిలో బాలింతలూ ఉన్నారు. చేతిలో సామాను, నెత్తిన గంప ఉన్న తల్లి పసిబిడ్డను అంత దూరం ఎలా మోసింది? ఈ ప్రశ్నకు శాసనం జవాబు చెప్పదు. భాష, శిల్పం, సాహిత్యం, వృత్తి ఆచారం కొంత చెబుతాయి. ఆ ఆధారాలను ఇక్కడ పరిశీలిద్దాం.

ముందుగా మాట సంగతి. గుడ్డ రెండు కొసలు ముడివేసి భుజానికి తగిలించుకుంటే అది జోలె. బిచ్చగాని భుజాన వేలాడేదీ జోలెయే, బిడ్డను పడుకోబెట్టేదీ జోలెయే. మరాఠీలో ఝోళీ అన్న మాటకు కూడా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. కన్నడంలో జోళిగె భిక్షాపాత్ర వంటి సంచి, జోలి బిడ్డను ఊపే గుడ్డ ఉయ్యాల. ఇంట్లో కట్టే ఉయ్యాలను తెలంగాణలో తొట్టెల అంటారు. తమిళులు తొట్టిల్ అంటారు, కన్నడిగులు తొట్టిలు అంటారు. గుడ్డ ఉయ్యాలకు తమిళంలో తూళి, ఏణై అనే వేరే మాటలున్నాయి. తొట్టెల దూలానికి వేలాడుతుంది, జోలె మనిషికి వేలాడుతుంది. ఒకటి స్థిరపడిన ఇంటి మాట, మరొకటి దారి మాట. ఈ భేదం మన విషయానికి కీలకం.

బిడ్డను కట్టుకొని దారి నడిచే స్త్రీ మన సాహిత్యంలో కనిపించేది ఎరుకల స్త్రీ రూపంలో. వేంకటాచల మాహాత్మ్యంలో శ్రీనివాసుడు పద్మావతి ఇంటికి సోది చెప్పే ఆటవిక స్త్రీ వేషంలో వెళ్తాడు. ఆ వేషం పూర్తి కావడానికి బుట్ట, బిడ్డ రెండూ కావలసివచ్చాయి. బ్రహ్మయే పసిబిడ్డ అయ్యాడని కథ. అంటే వినేవారి మనస్సులో గంప, బిడ్డ లేని ఎరుకత లేదు. తంజావూరులో శాహజీ (1684-1712) కొలువులో గిరిరాజకవి రచించిన 'రాజమోహన కొరవంజి' వంటి తెలుగు యక్షగానాలు ఈ పాత్రను రంగస్థలం మీద నిలిపాయి. నాయకుల కాలపు మండప స్తంభాల మీద కూడా కుఱవ స్త్రీ గంపతో, బిడ్డలతో కనిపిస్తుంది. ఎరుకలవారి ఇంటిభాష వేరు. కాని తెలుగు, తమిళ, కన్నడ సీమల్లో వారు నడవని దారి లేదు. రాజాస్థానానికి ఆ బిడ్డ వేషంలో భాగం. తల్లికి మాత్రం అది నిజమైన బరువు.

నడక జీవితానికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ వడ్డెరలు. రాతిపని, మట్టిపని వీరి వృత్తి. కర్ణాటకలో భోవి, వడ్డ అని, తమిళనాడులో ఒట్టర్, బోయర్ అని, మహారాష్ట్రలో వడార్ అని పేరు. పేరు ఎలా మారినా చాలా కుటుంబాల ఇంట్లో తెలుగు నిలిచింది. చెరువులు, కాలువలు, కోటగోడలు, రోడ్లు, తరువాత రైలుకట్టలు - పని ఎక్కడుంటే అక్కడికి గుంపుగా కదలడం వీరి పద్ధతి. మగవాడు పలుగుతో తవ్వితే ఆడది తట్టతో మోస్తుంది. కూలి జంటకు లెక్క. కాబట్టి కాన్పయిన స్త్రీ పనికి రాకపోతే మగవాని కూలి కూడా తగ్గినట్టే. బిడ్డ పని దగ్గరికి రాక తప్పదు.

ఇలాంటి తల్లి గురించిన పాతకథ ఒకటి గుజరాతులో ఉంది. సిద్ధరాజ జయసింహుడు పాటణంలో సహస్రలింగ తటాకాన్ని తవ్విస్తున్నప్పుడు జస్మా అనే ఓడ్ స్త్రీ మట్టి మోస్తున్నది. రాజు ఆమెను మోహించి, మట్టి మొయ్యవద్దు, బిడ్డను చూసుకోమన్నాడట. బిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో ఉంచాననీ, వస్తూ పోతూ ఊపుతున్నాననీ ఆమె బదులు చెప్పింది. అలెగ్జాండర్ ఫోర్బ్స్ 1856లో ప్రచురించిన 'రాస్ మాలా'లో ఈ కథ ఉంది. ఓడ్‌లకూ మన వడ్డెరలకూ పేరు దగ్గర, పని ఒకటే. ఇది చరిత్రా, కల్పనా అన్నది అలా ఉంచి, కథలోని పని పద్ధతిని గమనించాలి. జస్మా బిడ్డను ఒంటికి కట్టుకోలేదు. తాను నడిచే బాట పక్కనే చెట్టుకు కట్టింది.

దీనికి కారణం ఉంది. నెత్తిన తట్ట ఉన్న స్త్రీ తల వంచి రొమ్ము మీది బిడ్డ ముఖం చూడలేదు. మట్టి రాలితే బిడ్డ కంట్లో పడుతుంది. అందుకే దారిలో జోలె, పనిచోట ఉయ్యాల అనే విభజన ఏర్పడింది. చీర మాత్రం అదే. చెట్టు లేనిచోట మూడు కర్రలు నిలిపి పైన కలిపి కట్టి, నడుమ చీరను వేలాడదీస్తారు. ఈ ముక్కాలి ఉయ్యాలను రోడ్డుపని దగ్గర చూడనివారు మనలో అరుదు.

ఇక దారిలో జోలె ఎలా ఉండాలి? పనిపాటల స్త్రీలు పాటించే నియమాలు కొన్ని ఉన్నాయి. గుడ్డ పాత నూలుచీర కావాలి. కొత్తదానికి గంజి బిరుసు ఉంటుంది, ముడి జారుతుంది, బిడ్డ చర్మం ఒరుస్తుంది. అలాగని చీకిపోయిన గుడ్డ పనికిరాదు. వెలుతురుకు పట్టి చూసి, గట్టిగా లాగి చూసి మరీ కడతారు. ముడి మెడ మీద పడకూడదు. గుడ్డను భుజం మీద వెడల్పుగా పరిస్తే బరువు వీపంతా పంచుకుంటుంది. కొంత దూరం నడిచాక భుజం మార్చాలి. వెనుకటి ఎనిమిది, తొమ్మిది గజాల చీరలో కట్టుకున్న కొంగే జోలెకు సరిపోయేది. ఆరు గజాల చీర వచ్చాక వేరే గుడ్డ అవసరమైంది. నైలాను చీర చవకగా దొరికినా ముడి నిలవదు, ఎండకు ఉడుకెత్తుతుంది.

బిడ్డ వయస్సును బట్టి కట్టు మారుతుంది. మెడ నిలిచేదాకా తల్లి రొమ్ముకు ఆనుకొని, ఒక చెయ్యి తల కింద. మూడు నాలుగు నెలలు దాటి మెడ నిలిచాక చంక ఎక్కుతుంది. కాళ్ళు తల్లి నడుముకు రెండువైపులా ఎడంగా ఉంటాయి. కూర్చోగలిగాక వీపు మీదికి పోతుంది. ఈ క్రమాన్ని నేటి వైద్యం చాలావరకు సమర్థిస్తున్నది. కాళ్ళు చాచి బిగించి చుట్టిన బిడ్డలకు తుంటికీలు తప్పే ప్రమాదం ఎక్కువనీ, తొడలు ఎడంగా మడిచి ఉంచడం మేలనీ ఎముకల వైద్యులు చెబుతారు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే నెలలు తక్కువ బిడ్డలను తల్లి రొమ్ముకే కట్టి ఉంచే కంగారూ పద్ధతిని ప్రారంభించాడు. ఇప్పుడది మన ఆసుపత్రుల్లోనూ ఉంది.

అయితే పాతదంతా మంచిదనుకోవడం పొరపాటు. లోతుగా జారిన జోలెలో పసికందు వంగిపోయి గడ్డం రొమ్ముకు ఆనితే ఊపిరి అందదు. గుడ్డ ముక్కుకు అడ్డం పడినా అంతే. 2010 మార్చిలో అమెరికా వినియోగవస్తు భద్రతా సంఘం సంచివంటి జోలెల గురించి, ముఖ్యంగా నాలుగు నెలల లోపు బిడ్డల విషయంలో, ఇదే హెచ్చరిక చేసింది. బిడ్డ ముఖం తల్లికి ఎప్పుడూ కనబడాలి, వంగితే ముద్దుపెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. అంగట్లో కొన్నదానికైనా, ఇంట్లో చింపుకున్న చీరకైనా ఈ సూత్రం ఒకటే. అంగట్లో దొరికే కొన్ని రకాలకూ మూలం పల్లె తల్లులే. 1960లలో అమెరికన్ నర్సు ఆన్ మూర్ పశ్చిమాఫ్రికాలోని టోగోలో చూసిన కట్టును అనుకరించి చేసిన సంచికి 1969లో పేటెంటు వచ్చింది.

నడిచేవారికి జోలె ఎలాగో, కూర్చుని పనిచేసేవారికి తొట్టెల అలాగ. బరంపురం, సేలం, షోలాపూరు తెలుగు నేత కుటుంబాలలో రాట్నం పక్కనే ఉయ్యాల కట్టి, దాని తాడును కాలికి తగిలించుకొని ఊపుతూ కండెలు చుట్టిన తల్లులున్నారు. షోలాపూరు బీడీల ఇళ్ళలోనూ బిడ్డ చాట పక్కనే పెరిగింది. నేతవారి వలస ఒక ఊరు చేరి ఆగింది. వడ్డెరల వలస ఆగలేదు. అందుకే ఒకరి ఇంట తొట్టెల నిలిచింది, ఒకరి భుజాన జోలె మిగిలింది.

ఈ బిడ్డలను చట్టం గుర్తించిన తీరు కూడా చెప్పుకోవాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం యాభైమందికి మించి స్త్రీలున్నచోట శిశుశాల ఉండాలన్నది. 1976 సవరణ ఆ సంఖ్యను ముప్పైకి తగ్గించింది. 1951 తోటల కార్మికుల చట్టం, 1996 నిర్మాణ కార్మికుల చట్టం యాభై అనే లెక్కనే పట్టుకున్నాయి. కాని మేస్త్రీ కింద కదిలే గుంపులో పదిమంది స్త్రీలుంటే ఎక్కువ. ఆ లెక్క వారికి ఎన్నడూ అందలేదు. 2005 ఉపాధి హామీ చట్టం తల్లులను కాక బిడ్డలను లెక్కపెట్టింది: ఆరేళ్ళ లోపువారు ఐదుగురుంటే వారిని చూడడానికి ఒక స్త్రీని నియమించాలన్నది. చట్టం అందని ప్రతిచోటా ఆ పని పాతచీరే చేసింది. జోలెను మన సంస్కృతి అని మెచ్చుకునేటప్పుడు ఇది మరువరాదు. అది తల్లి ప్రేమకు ఎంత గుర్తో, ఆమెకు విశ్రాంతి దొరకలేదనడానికీ అంతే సాక్ష్యం.

కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిశాలలో వడ్డెర కుటుంబాల వృద్ధస్త్రీలు ఈ కట్టులకు వాడే మాటలను, ముడుల పేర్లను, ఏ నెలకు ఏ కట్టు అన్న లెక్కను సేకరించవలసి ఉంది. ఇంటి తెలుగు పిల్లల నోట తగ్గిపోతున్న ఈ రోజుల్లో అది ఆలస్యం చేయదగ్గ పని కాదు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎన్నినాళ్ళ బిడ్డతో నడిచారో కూడా వారినే అడగాలి. వలస దారుల పటం గీయడానికి శాసనం లేనిచోట ఆ జ్ఞాపకమే ఆధారం.