ఎయిర్ పిస్టల్: గాలి ఒత్తిడికి కళ్లెం ఎవరు వేస్తారు?

పారిస్ ఒలింపిక్స్‌లో 2024 జులై 28న మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్లో మను భాకర్‌కు రజతం 0.1 పాయింటు తేడాతో చేజారింది. లక్ష్యంపై కొలిస్తే అది 0.8 మిల్లీమీటర్లు. హైదరాబాదీ ఇషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన విభాగాల్లో ఇదీ ఒకటి. ఇక్కడ చెయ్యి వణక్కపోతే చాలదు, ప్రతి గుండూ ఒకే వేగంతో వెళ్లాలి.

నిండు సిలిండర్‌లో గాలి ఒత్తిడి సుమారు 200 బార్. కాల్చేకొద్దీ అది తగ్గుతుంది. ఆ గాలిని నేరుగా వదిలితే మొదటి గుండు, అరవయ్యో గుండు ఒకేలా పోవు. అందుకే మధ్యలో రెగ్యులేటర్ ఉంటుంది. అందులో స్ప్రింగు ఆనించిన చిన్న పిస్టన్ ఉంటుంది. అవతలి గదిలో ఒత్తిడి నిర్ణీత స్థాయికి చేరగానే ఆ గాలే పిస్టన్‌ను నెట్టి దారి మూసేస్తుంది. కాల్చాక ఒత్తిడి పడిపోతే స్ప్రింగు మళ్లీ తెరుస్తుంది. మన వంటగ్యాస్ రెగ్యులేటర్‌కు దగ్గరి చుట్టమే.

సీలు అరిగితేనే చిక్కు. గాలి సన్నగా జారి గదిలో ఒత్తిడి పెరుగుతుంది, కాస్త ఆగి కాల్చిన గుండు ఎక్కువ వేగంతో పోతుంది. సెకనుకు 150 మీటర్ల వేగం 145కు తగ్గినా గుండు సుమారు 1.5 మిల్లీమీటర్లు కిందకు తగులుతుంది. అంటే దాదాపు 0.2 పాయింటు.

పూర్వం వాడిన కార్బన్ డయాక్సైడ్‌తో తంటా వేరు. దాని ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర 57 బార్, 30 డిగ్రీల దగ్గర 72. మన వేసవిలో దాన్ని నమ్ముకోవడం కష్టమే. గాలి సిలిండర్‌కూ గడువుంది, అది దాటలేదని చూసుకోవాల్సింది షూటరే.