లంకమల యాత్రికులు ఏ త్రోవను వచ్చిరి?

2025వ సంవత్సరము ఫిబ్రవరి నెలాఖరున పురావస్తు సర్వేక్షణ శాఖవారు సిద్ధవటము రేంజిలోని లంకమల అడవిని గాలించి, ప్రాచీన వర్ణచిత్రములుగల కొండగవులను, క్రీ.శ. 4వ శతాబ్దము మొదలు 16వ శతాబ్దము వరకు చెక్కబడిన ముప్పది శాసనములను వెల్లడించినది మొదలు, ఈ కొండకు ఇరువైపులనున్న ఊళ్ళలో ఒక వాదము రేగినది. బ్రాహ్మీ, నాగరి, తెలుగు లిపులతోపాటు నేటికిని ఎవరును నిస్సంశయముగా చదువజాలని శంఖలిపి సైతము అచ్చట కానవచ్చుటచే, ఇది ఉత్తరదేశమునుండి భక్తులు తరలివచ్చిన శైవక్షేత్రమని నిపుణులు నిర్ణయించిరి. అంతవరకు తగవు లేదు. వారు ఏ త్రోవను వచ్చిరన్నదే తగవు.

బద్వేలు మిత్రుల వాదమున, ఆ యాత్రికులు కంభము, పోరుమామిళ్ళల మీదుగా సగిలేటి లోయలోనికి దిగి, తూర్పు వైపునుండి కొండ నెక్కిరట. సాక్ష్యమేమనగా 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనమును చూపుదురు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయిమంది కూలీలను, నూరు బండ్లను నియోగించి రెండేండ్లలో కట్టించిన ఆ చెరువునందును, తటాకముల గుణదోషములను అంత విపులముగా వివరించిన ఆ శాసనమునందును నాకు అపారమైన గౌరవము కలదు. కాని అది చెరువును గూర్చిన శాసనమేకాని బాటను గూర్చినది కాదు. పైగా లంకమల బ్రాహ్మీ వ్రాతలకు వేయేండ్ల తరువాతిది. మనుమని పెండ్లిపత్రికను చూపి తాతగారి కాపురము ఎచ్చటనో తేల్చుట సాధ్యమా?

నా వాదమున, నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు, ఖాజీపేటలను వరుసగా తాకుచు నల్లమలకు పడమట సాగు కుందూ మైదానమే ఉత్తరమునుండి పెన్నకు వచ్చువారికి నీరును గ్రాసమును దొరకు సహజమార్గము. నేటి కడప–కర్నూలు రహదారియు దానినే అనుసరించినది. 575 ప్రాంతమున ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు తెలుగు భాషలో శాసనము వేయించిన కలమళ్ళ ఈ వైపుననే కలదు. ఈ సీమను ఏలిన రేనాటి చోడుల ఊళ్ళును, వారి దానశాసనములును ఈ వైపుననే. రాజ్యమున్నచోట రక్షణయుండును, రక్షణయున్నచోట యాత్రికుడు నడచును.

ఇందుకు ప్రతికూలముగా కొందరు హ్యూయన్‌త్సాంగ్‌ను పేర్కొందురు. 7వ శతాబ్దమున ఆ చీనా యాత్రికుడు వర్ణించిన చుళియ దేశము ఆ చోడుల రేనాడేయని పలువురు చరిత్రకారులు తలంచిరి. అది అడవులతో నిండి, జనము పలుచనై, దొంగలు యథేచ్ఛగా తిరుగు సీమయని ఆయన వ్రాసెను. ఆ మాటను పట్టుకొని మన ప్రాంతమునంతయు కారడవిగా చిత్రించినవారు, అదే కాలమున రేనాటివారు శిలలపై భూదానములను వ్రాయించుచుండిరని మరచిరి. అడవిలో దొంగలుండిరనగా వారు దోచుకొనుటకు బాటసారులు కూడ ఉండిరనియేకదా అర్థము!

కర్నూలు–కడప (కె.సి.) కాలువ క్రింది వరి, పసుపు పొలములు వెనుకబడిన పిమ్మట పడమటి నాగనాథేశ్వర కోనవైపు నడచినవారికి నా మాట వేరుగా నిరూపింపనక్కరలేదు. ముండ్లతో నిండిన కలివి పొదలు మోకాళ్ళను గీరును. ఎర్రచందనపు మ్రాకుల నల్లని బెరడు పలకలు పలకలుగా పగిలి కనబడును. పాదము మోపిన రాతిని వంగి చూచినచో, నూరుకోట్ల యేండ్లకు పైబడిన ఏ సముద్రపుటొడ్డుననో నీరు ఇసుకపై దిద్దిన అలల చారలు రాయియై నిలిచియుండును. ఎండ ముదిరిన దినములలో వంక ఇసుకను చేతులతో తోడినచో, మొదట తడి, పిదప బురద, తుదకు తేటనీరు ఊరును. ఆ చెలమ నీటికై కాచుకొని కూర్చున్న అరగంటలో నడకయలసట తీరును. అచ్చటి బండలపై ఇప్పటివారు రంగుతో పూసిపోయిన పేర్లను చూచినప్పుడు మాత్రము నా మనస్సు కలత చెందును. ప్రాచీనులును పేర్లు చెక్కిరికదా యని సమర్థించువారున్నారు. ఉలిపట్టి దినమంతయు శ్రమించిన భక్తికిని, డబ్బాలోని రంగును చిమ్మిపోవు తొందరపాటునకును సామ్యమెక్కడిది?

ఈ కొండకు దక్కిన ఆదరమో అంతంతమాత్రమే. శేషాచలమునందు 353 చదరపు కిలోమీటర్లు 1989లో జాతీయోద్యానమైనది. 1900 తరువాత ఎవరికిని అగపడక అంతరించినదనుకొన్న కలివికోడియను పక్షి 1986 జనవరిలో సిద్ధవటము చెంత రెడ్డిపల్లె పొదలలో దొరకుటచే, 1988లో ఏర్పడిన మన లంకమలేశ్వర అభయారణ్యము 464 చదరపు కిలోమీటర్లు. అయినను దానికి ఆ హోదా లేదు, ఆ ప్రచారమును లేదు. జమ్మలమడుగు వారి గండికోటకు బస్సు దిగి లోయయంచున నిలుచుండి చూచువారు వేలకొలది. దానిని తక్కువ చేయను. కాని లంకమల నడచినవానికే దక్కు కొండ. చందనపు దొంగల భయముచే అటవీశాఖ అనుమతి లేక అడుగిడరాదన్న నిబంధన న్యాయమైనదే. ఆ అనుమతి ఎచ్చట అడుగవలెనో, తోడుగా ఎవరు వత్తురో తెలుపు పలకయొక్కటి ఖాజీపేట రోడ్డున లేకుండుట మాత్రము న్యాయము కాదు.

వెల్లడియైన ముప్పది శాసనములును సిద్ధవటము వైపు పరిశోధనలో దొరకినవి. మా పడమటి కోనలనుండి బ్రహ్మంగారి మఠము వరకుగల వాలును, ప్రతి గవియు ప్రతి చెలమగట్టును విడువక, అట్లే వెదకవలెనని పురావస్తు శాఖవారిని కోరుచున్నాను. ఆ పని ముగియకమునుపే బద్వేలువారు యాత్రికులకు సగిలేటి లోయను రాజమార్గముగా వ్రాసియిచ్చుటను నేను అంగీకరింపను.