పాశమూ, పలుపూ

"లాసో"కు తెలుగు మాట వెతుకుతూ మా బీర్కూరు పశువుల కొట్టందాకా వెళ్ళాను.

అది స్పానిషు "లాజో". మూలం లాటినులో ఉచ్చు అనే అర్థమున్న "లాక్వెయుస్". 1493లో కొలంబస్ రెండో యాత్రలో సముద్రం దాటిన స్పెయిను పశువుల సంతతి, కాలక్రమేణా అమెరికాలోని కంచెలేని మైదానాల్లో అడవిపాలైంది. వాటిని గుర్రం మీదినుంచి పట్టడానికి జారుముడి తాడు విసిరేవారు.

మన "పాశం" దానికి దగ్గరి మాటే. కానీ అది వినాయకుడి చేతిలో అంకుశానికి జోడుగా, యముడి చేతిలో ప్రాణాలకు ఉచ్చుగా నిలిచింది. కొట్టంలో ఉన్నవి వేరు: మెడకు పలుపు, ముక్కుకు ముకుతాడు, తోలేవాడి చేతికి పగ్గం, లేగలను వరుసగా కట్టే దామెన. ఏదీ విసిరేది కాదు. మంజీర ఒడ్డున దున్నే ఎద్దు మనిషి పక్కనే పెరిగింది. పిలిస్తే వచ్చేదానికి ఉచ్చెందుకు? పైగా పలుపుకు జారుముడి పనికిరాదు. పశువు గుంజుకుంటే గొంతు బిగుస్తుంది.

కనుక లాసోకు మన కొట్టంలో మాట లేకపోవడం లోటనిపించలేదు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గాక ఉన్న మాటలే పోతున్నాయన్నది నా దిగులు. మీ ఊళ్ళో ఈ తాళ్ళను ఏమంటారో, మరవకముందే రాసిపెట్టరూ?