అరవైనాలుగు మంది ఉన్న జిల్లా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదకులు కోరారు. కాకతీయుల గురించో, కుతుబ్‌షాహీల గురించో రాయగల పెద్దలు మన సభ్యుల్లోనే ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్ళు రెవెన్యూ శాఖలో జమాబందీలు, జనాభా లెక్కలు, ఓటర్ల జాబితాల మధ్య గడిపినవాణ్ణి. కనుక ఆ కళ్ళతోనే ఒక చిన్న ప్రాంతపు చరిత్ర చెప్పబోతున్నాను. అది మన దేశంలోది కాదు, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలోది. పేరు లవింగ్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా వంటిదని అనుకోవచ్చు.

2023లో మిడ్‌లాండ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గర మూడు నెలలు ఉన్నాను. అతడక్కడ చమురు పరిశ్రమలో ఇంజనీరు. "నాన్నా, మీ డిపార్టుమెంటు వాళ్ళకు నచ్చే చోటు ఒకటుంది" అని ఒక ఆదివారం కారులో బయలుదేరదీశాడు. ఒడెస్సా, కెర్మిట్ దాటాక చెట్టన్నది కనబడలేదు. ఎటు చూసినా తుప్పలు, ఇసుక, చమురు బావుల పంపులు. వాన ఏడాదికి పది అంగుళాలకు అటూ ఇటూ. పడమటి సరిహద్దుగా పెకోస్ నది పారుతుంది గాని ఆ నీళ్ళు ఉప్పన. తాగే నీళ్ళు ఎన్నో దశాబ్దాలపాటు బయటినుంచి ట్యాంకర్లలో తెచ్చుకున్నారట. ఉత్తరాన న్యూమెక్సికో రాష్ట్రం. వైశాల్యం 677 చదరపు మైళ్ళు, అంటే మన పాత తాలూకాల్లో పెద్దదానికి తగ్గదు. 2020 లెక్కల ప్రకారం జనాభా 64. మరోసారి చదవనవసరం లేదు, అచ్చుతప్పు కాదు. చంటిపిల్లలతో కలిపి అరవైనలుగురు.

పేరు ఆలివర్ లవింగ్ అనే పశువుల వ్యాపారిది. ఆయన, చార్లెస్ గుడ్‌నైట్ కలిసి 1866లో ఈ పెకోస్ నది వెంబడే పశువుల మందలను ఉత్తరానికి తోలారు. మరుసటి ఏడాది కొమాంచీల దాడిలో లవింగ్ గాయపడి, న్యూమెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌లో ప్రాణం విడిచాడు. దేహాన్ని మళ్ళీ టెక్సాస్‌కు తెచ్చి వెదర్‌ఫర్డ్‌లో పూడ్చారు. ఎక్కడ పోయినా సొంత ఊరి మట్టిలో కలవాలన్న కోరిక అన్ని జాతులకూ ఒకటే కాబోలు.

1887లో టామ్ గ్రీన్ కౌంటీ నుంచి విడదీసి కాగితం మీద దీనికి హద్దులు గీశారు. 1890 జనాభా లెక్కల్లో ఇక్కడ తేలినవారు ముగ్గురు. అసలు కథ ఆ తర్వాతే. 1893లో డెన్వర్ నుంచి కొందరు వచ్చి, నదినుంచి కాలువ తవ్వి సేద్యం చేయిస్తామని కంపెనీ పెట్టారు. ఆఫీసులు తమ చేతిలో ఉంటే పనులు సులువవుతాయని, కౌంటీకి వేరే పరిపాలన కావాలని అర్జీ పెట్టారు. ఆ అర్జీ మీద 150 మంది ఓటర్ల సంతకాలు! మూడేళ్ళ క్రితం ముగ్గురున్న చోట నూటయాభై మంది ఓటర్లు ఎక్కడినుంచి మొలిచారని ఏ గుమాస్తా అయినా అడగాలి. అడిగినట్టు లేదు. జూలైలో ఎన్నిక జరిగి 83 ఓట్లు పోలయ్యాయి. అధికారులు ఎన్నికయ్యారు, మెంటోన్ అనే ఊరు ముఖ్యస్థానం అయింది. అదే ఏడు పెకోస్‌కు వరద వచ్చి కాలువ పని కొట్టుకుపోయింది. కంపెనీవారు మెల్లగా జారుకున్నారు. దొంగ ఓట్ల సంగతి బయటపడి, చివరకు 1897లో శాసనసభ ఆ పరిపాలనను రద్దుచేసి పక్కనున్న రీవ్స్ కౌంటీలో కలిపింది.

1920లలో చమురు పడింది. జనం వచ్చారు. 1931లో మళ్ళీ కౌంటీగా ఏర్పడింది. టెక్సాస్‌లోని 254 కౌంటీల్లో చివరగా ఏర్పడినది ఇదే, రెండుసార్లు ఏర్పడినదీ ఇదొక్కటే. పాత మెంటోన్ అప్పటికే లేదు, వేరే చోట కొత్త ఊరు కట్టి ఆ పేరే పెట్టారు. 1940లో 285 మంది ఉన్నారు. ఆ తర్వాత తగ్గుతూ వచ్చి 1970కి 164, 2000 నాటికి 67. బడి 1970లలోనే మూతబడింది, పిల్లలు పక్క కౌంటీలోని వింక్‌కు వెళ్తారు. 1945లో ఇక్కడ షెరీఫ్ అయిన ఎడ్నా రీడ్ క్లేటన్ డీవీస్ అనే ఆమె టెక్సాస్‌లో ఆ పదవికి ఎన్నికైన మొదటి స్త్రీ. తర్వాత 1965 నుంచి 1986 దాకా ఆమే అక్కడ క్లర్కుగా పనిచేసింది. పెద్ద పదవి చేశాక గుమాస్తా కుర్చీలో కూర్చోవడానికి మన దగ్గర ఎవరైనా ఒప్పుకుంటారా?

అక్కడ కలెక్టరును పైనుంచి వేయరు. కౌంటీ జడ్జి అనే పెద్ద, నలుగురు కమిషనర్లు, షెరీఫ్, క్లర్కు అందరూ ఎన్నికైనవారే. ఇంత తక్కువ మందిలో ఇన్ని పదవులంటే ప్రతి ఇంట్లో ఒక అధికారి ఉన్నట్టే లెక్క. ఒకరిమీద ఒకరు పోటీ చేసేవారు చాలాసార్లు చుట్టాలే. నాలుగు ఓట్లు అటూ ఇటూ అయితే పదవి మారిపోతుంది. చమురు బావుల మీద వచ్చే ఆస్తిపన్ను ఆదాయం కొద్దిదేమీ కాదు గనుక తగవు ఊరికే రాదు.

ఆ తగవంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఈ ఊరివాడు ఎవడు? 2020 అధ్యక్ష ఎన్నికలో ఇక్కడ పోలైన ఓట్లు 66, జనాభా కంటే రెండు ఎక్కువ. ఇది 1893 నాటి మోసం వంటిదని తొందరపడకూడదు. టెక్సాస్ చట్టం ప్రకారం, తాత్కాలికంగా ఎక్కడ ఉన్నా తిరిగి రావాలని అనుకునే స్థిరమైన ఇల్లే మనిషి నివాసం. పనికోసం, పిల్లల చదువుకోసం వేరేచోట ఉంటూ, తాతల పశువుల మేతభూమి ఇక్కడే ఉందని ఓటు ఇక్కడే ఉంచుకున్నవారున్నారు. 2005-06లో మరో రకం వచ్చింది. కొందరు స్వేచ్ఛావాదులు, ఇక్కడ భూమి కొని ఓటర్లుగా చేరి కౌంటీని చేజిక్కించుకుందామని ప్రయత్నించి విఫలమయ్యారు. 2022 ఎన్నికల తర్వాత కూడా, ఓటేసినవారిలో కొందరు నిజానికి ఇక్కడివారు కారంటూ వివాదం కోర్టుకెక్కింది.

మెంటోన్‌లో 1935లో కట్టిన చిన్న ఇటుక కోర్టు భవనం ముందు నిలబడ్డాం. సెలవు కనుక తలుపు తాళం వేసి ఉంది. ఆ తాళం చూడగానే నాకు ఒక సంగతి గుర్తొచ్చింది, ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

1983 ఎన్నికలకు ముందు, మహబూబ్‌నగర్ జిల్లాలో ఓటర్ల జాబితా సవరణకు ఇల్లిల్లూ తిరిగాను. అప్పటికి ఉద్యోగంలో చేరి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఒక ఊళ్ళో వరసగా ఎనిమిదిళ్ళకు తాళాలు. గుంపు మేస్త్రీ వెంట బొంబాయికి మట్టిపనికి పోయారని పక్కింటి ముసలమ్మ చెప్పింది. "ఊళ్ళో లేరు" అని రాసి పేర్లు కొట్టివేయడానికి సిఫారసు చేశాను. నాకు ఆ రోజు ఇంకా నాలుగు ఊళ్ళు ఉన్నాయి. పోలింగు నాడు అదే ఊరికి నన్ను వేశారు. వాళ్ళు ముందురోజు రాత్రి లారీలో దిగారు. అందులో పెద్దవాడు నా బల్ల ముందుకు వచ్చి, "సారూ, ఇల్లు ఈడనే ఉన్నది, తాళం నా మొలకే ఉన్నది. పేరెట్ల పోయింది?" అని తాళంచెవి చూపించాడు. జాబితాలో లేని పేరుకు నేనేమీ చేయలేనని చెప్పాను. అది నిబంధన, నిజమే. కాని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఇరవయ్యో సెక్షను, తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదని కూడా చెబుతుంది. ఆ మాట నేను చదివింది రెండేళ్ళ తర్వాత, డిపార్టుమెంటు పరీక్షకు కూర్చున్నప్పుడు.

తిరుగుదారిలో చీకటి పడింది. రోడ్డంతా ఇసుక లారీలు, నీళ్ళ ట్యాంకర్లు. పక్కన ఎడారిలో వరసలు వరసలుగా రేకుల గదులు, వాటినిండా దీపాలు. గత పది పన్నెండేళ్ళలో కొత్త పద్ధతిలో రాతిని చీల్చి చమురు తీయడం మొదలయ్యాక వచ్చిన కూలీల బసలు అవి. అక్కడ రాత్రిళ్ళు పడుకునేవారు వేలల్లో ఉంటారని మా అబ్బాయి చెప్పాడు. అరవైనాలుగులో వారు లేరు.

"వీళ్ళు ఓటు ఎక్కడ వేస్తారురా?" అని అడిగాను.

"ఎవరి ఊళ్ళో వాళ్ళు నాన్నా, సెలవు దొరికితే" అన్నాడు.