ఉత్తరాంధ్రకు క్రైస్తవ కళాశాల చదువు వచ్చిన దారి

నెల్లిమర్లలో ఆర్ట్స్ డిగ్రీ మాట వస్తే పెద్దలకు మొదట గుర్తొచ్చేది విజయనగరం మహారాజా కాలేజీ. క్రైస్తవ కళాశాల అంటే బందరు నోబుల్ కాలేజీ, గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ, మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. అన్నీ రైలెక్కి వెళ్లాల్సిన ఊళ్లే. కానీ తెలుగునేల మీద ప్రొటెస్టెంటు మిషనరీలు తొలిసారి కేంద్రం పెట్టుకున్నది మన విశాఖపట్నంలోనే. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ 1805లో అక్కడికి చేరారు. మొదట వచ్చినచోట కాలేజీ ఎందుకు లేవలేదు? లేవకపోయినా ఆ చదువు మన ప్రాంతానికి ఏ దారిన వచ్చింది? ఉత్తరాంధ్ర విద్యాచరిత్రలో ఈ రెండు ప్రశ్నలకూ దక్కాల్సిన చోటు దక్కలేదని నా అభిప్రాయం.

క్రాన్, డే గ్రాంజ్ చేసిన మొదటి పనులు రెండు: బడి పెట్టడం, తెలుగు నేర్చుకోవడం. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. ఇద్దరు దొరలూ ఎక్కువ కాలం బతకలేదు. క్రాన్ 1809లో, డే గ్రాంజ్ 1810లో పోయారు. వాళ్లు వదిలివెళ్లిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తాన్ని తెలుగు చేస్తే అది 1818లో మద్రాసులో వెలువడింది. వాళ్ల ఉద్దేశం మతప్రచారమే, అందులో దాపరికం లేదు. అయినా ఆ అనువాదాల కోసం పండితుడూ పాశ్చాత్యుడూ ఎదురెదురుగా కూర్చుని, ఈ భావానికి తెలుగులో ఏ మాట సరిపోతుందని తర్కించుకోవాల్సి వచ్చింది. మానవీయ శాస్త్రాల చదువుకు మన ప్రాంతంలో దొరికే తొలి ఆధునిక ఉదాహరణ అదేనని నేననుకుంటాను. ఆధునిక అనే మాట కావాలనే వాడాను. నెల్లిమర్ల పక్కనే రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల పునాదులు, బోధికొండ మీద జైన శిల్పాలు ఉన్నాయి. కాలేజీలకు ఎన్నో శతాబ్దాల ముందే ఈ కొండల మీద గ్రంథం, ధ్యానం, వాదం నడిచాయి.

బడులు కాలేజీలుగా ఎదగడానికి ప్రభుత్వం నుంచి ఊతం దొరికింది 1854 నాటి ఉడ్ డిస్పాచ్‌తో. ప్రైవేటు బడులకు గ్రాంటు ఇచ్చే పద్ధతి దానితో మొదలైంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. అదే ఏడాది విజయనగరంలో పూసపాటి రాజులు బడి తెరిచారు. అది 1868లో హైస్కూలైంది, 1879లో కాలేజీ అయింది. గురజాడ అప్పారావు తత్వశాస్త్రం ప్రధానంగా బి.ఏ. పట్టా తీసుకున్నది అక్కడే. ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తి మెట్రిక్ చదివిందీ అక్కడే. మన వైపు క్రైస్తవ కళాశాల లేవకపోవడానికి ముఖ్య కారణం ఇదే అనిపిస్తుంది. జమీందారు ఇంత పెద్ద ఎత్తున చదువు చెప్పిస్తున్నచోట మిషన్ మరో కాలేజీ కట్టాల్సిన అవసరం లేకపోయింది. తర్వాత వచ్చిన కెనడియన్ బాప్టిస్టులు 1875లో భీమిలిలో, 1879లో బొబ్బిలిలో కేంద్రాలు పెట్టుకున్నారు. వాళ్ల శ్రమ ఊరి బడులకూ ఆడపిల్లల చదువుకూ ఆసుపత్రులకూ వెళ్లింది. అక్షరం ముట్టుకోనివ్వని కులాల పిల్లల చేతికి పలకా బలపం వచ్చింది ఆ బడుల్లోనే. కాలేజీ కట్టలేదన్న లోటు ఈ పని ముందు చిన్నదే.

దక్షిణాన కథ వేరు. చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో, తర్వాత నోబుల్ కాలేజీగా ఎదిగిన బడి తెరిచాడు. అగ్రవర్ణాల పిల్లల్ని చదువుతో ఆకట్టుకోవాలన్నది ఆయన పథకం. అందుకే తొలి దశలో అంటరానివారిగా ముద్రపడ్డ పిల్లల్ని బడిలో చేర్చుకోలేదు. క్రీస్తు పేరు మీద పెట్టిన బడిలో ఇలా జరగడం ఎంత ప్రయత్నించినా సమర్థన కుదరని విషయం. అయినా 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకునేసరికి ఊరు భగ్గుమంది, బడి ఖాళీ అయింది. మళ్లీ నిండటానికి చాలా కాలం పట్టింది.

మద్రాసులో విలియం మిల్లర్ మరో దారి పట్టాడు. 1862లో వచ్చిన ఈ స్కాట్లండ్ పంతులు, 1837 నుంచి నడుస్తున్న మిషన్ బడిని 1877 కల్లా మద్రాసు క్రిస్టియన్ కాలేజీగా మలిచాడు. ఎంతమంది మతం మారారన్న లెక్క కన్నా, విలువల మీద ఆలోచన సమాజంలోకి ఇంకడమే కళాశాల పని అని ఆయన నమ్మాడు. ఈ నమ్మకం వల్ల సాటి మిషనరీల విమర్శా ఎదుర్కొన్నాడు. ఆ నమ్మకం ఫలితం తెలుగు సాహిత్యంలో కనిపిస్తుంది. వేదం వేంకటరాయశాస్త్రి వంటి పండితుడు ఏళ్లతరబడి అక్కడ పాఠం చెప్పారు. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉండగా, కాలేజీలోని తెలుగు సమాజం పెట్టిన పోటీ కోసం 1899లో ‘ముసలమ్మ మరణము’ రాశారు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన రైతు కోడలి కథ అది. దేవుళ్లూ రాజులూ కాక ఒక పల్లెటూరి ఇల్లాలు కావ్యనాయిక కావడానికి ఒక క్రైస్తవ కళాశాల విద్యార్థి సంఘం పోటీ కారణమైంది. ఇంగ్లీషు కావ్యాలు చదివిన కుర్రవాడికి తన సీమ కథ మీద కన్ను పడింది. ఆర్ట్స్ చదువు ఏం చేస్తుందని అడిగేవారికి నేను ముందు చూపించేది ఈ చిన్న కావ్యాన్నే.

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉదాహరణ ఇంకా లోతైనది. తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వేలూరులో వూర్హీస్ కాలేజీ, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీ: చదువంతా మిషన్ గోడల మధ్యే సాగింది. హిందూ ధర్మం మీద అక్కడ వినిపించిన విమర్శ తనను కలవరపెట్టిందనీ, ఆ కలవరమే తన మతాన్ని కూలంకషంగా చదివించిందనీ ఆయనే తర్వాత రాసుకున్నారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న వాదానికి జవాబుగా వేదాంత నీతిశాస్త్రం మీద ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాశారు. దాన్ని మెచ్చుకుని యోగ్యతాపత్రం ఇచ్చినవాడు ఆయన గురువు, మిషనరీ అయిన ఏ.జి. హాగ్. తన మతాన్ని విమర్శించారని శిష్యుడు పుస్తకం మూయలేదు. తన వాదాన్ని ఖండించాడని గురువు శిష్యుణ్ణి తక్కువ చేయలేదు. క్రైస్తవ కళాశాలల చరిత్రలో నేను అన్నిటికన్నా ఎక్కువ గౌరవించే ఘట్టం ఇది.

ఇక్కడే దారి మన వైపు మళ్లుతుంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ నుంచి 1930లో వాల్తేరు చేరింది. తొలి ఉపకులపతి కట్టమంచి. 1931 నుంచి 1936 దాకా రాధాకృష్ణన్. మళ్లీ కట్టమంచి, 1949 దాకా. అంటే ఆ విశ్వవిద్యాలయం తొలి రెండు దశాబ్దాలకు పైగా నడిచింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పాత విద్యార్థుల చేతుల్లోనే. 1931లో ఆర్ట్స్ కళాశాల మొదలైనప్పుడు తెలుగు శాఖను తీర్చిదిద్దిన పింగళి లక్ష్మీకాంతం నోబుల్ కాలేజీలో చదివినవారు. హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ వంటివారిని రాధాకృష్ణన్ వాల్తేరుకు పిలిపించి పాఠాలు చెప్పించారు. విశాఖలో 1805లో బడిగా ఆగిపోయిన పని, మద్రాసూ బందరూ తిరిగి, శతాబ్దం దాటాక మతంతో నిమిత్తం లేని విశ్వవిద్యాలయంగా విశాఖకే వచ్చింది.

గుంటూరులో లూథరన్లు 1885లో మొదలుపెట్టిన ఏసీ కాలేజీ గురించి ఒక్క మాట. సనాతన ధర్మాన్ని గట్టిగా పట్టుకున్న విశ్వనాథ సత్యనారాయణ అక్కడ తెలుగు చెప్పారు. బుద్ధుడి కరుణను పద్యం చేసిన జంధ్యాల పాపయ్యశాస్త్రి ఏళ్లపాటు అక్కడే పనిచేశారు. ఆ ఊళ్లోనే లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో జాషువా పంతులుగా ఉన్నారు. ఇన్ని రకాల గొంతులకు జీతమిచ్చి చోటిచ్చినందుకు ఆ సంస్థలకు తెలుగువాళ్లం రుణపడి ఉన్నాం.

మన వైపు ఆడపిల్లలకు క్రైస్తవ కళాశాల 1958లో దక్కింది. విశాఖపట్నంలో సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాల ఆ ఏడాది మొదలైంది. అంతకు ముందే 1953లో ఏలూరులో సెయింట్ థెరిసా కళాశాల వచ్చింది. సిస్టర్ల హాస్టలు ఉందన్న ధైర్యంతోనే కూతుళ్లను ఊరు దాటించి డిగ్రీకి పంపిన తల్లిదండ్రులు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎందరో.

ఇప్పుడు ఆర్ట్స్ గ్రూపులకే గడ్డుకాలం వచ్చింది. ఇంటర్‌లో ఎం.పి.సి., బై.పి.సి. తప్ప మరో మాట వినిపించదు. 2021లో ఎయిడెడ్ సంస్థల విషయంలో రాష్ట్ర ప్రభుత్వ విధానం మారినప్పుడు, ఫీజులు పెరుగుతాయన్న భయంతో చాలాచోట్ల విద్యార్థులు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయితే మొదట మూతపడేవి చరిత్ర, తత్వశాస్త్రం, తెలుగు విభాగాలే. మిషన్ యాజమాన్యాలూ ఈ విభాగాలను బరువుగా చూడటం మొదలుపెడితే మిల్లర్ వారసత్వాన్ని తామే వదులుకున్నట్టు. ఆ కళాశాలల పెద్దలు తమ తెలుగు శాఖలనూ గ్రంథాలయాలనూ విద్యార్థి సాహిత్య సంఘాలనూ నిలబెట్టాలి. నెల్లిమర్లలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న తల్లిదండ్రులకు నా మనవి ఒకటే: ఇంటర్ అయిన మీ అమ్మాయో అబ్బాయో చరిత్రతోనో తెలుగుతోనో బి.ఏ. చేస్తానంటే, దయచేసి వద్దనకండి.