విమానశాల ద్వారమున రెక్కల లెక్క

ఏనుగు దూరినది గాని తోక చిక్కినదని మన పెద్దలు నవ్వుచు చెప్పెడి మాట కలదు. రెండు ఇంజనుల సొంత విమానమును శాలలో పెట్టబోయిన వారికి ఈ సామెత హాస్యము కాదు, అనుభవము. ఆకాశమున ఎంత చోటైనను కలదు. భూమిపై మాత్రము ప్రతి అంగుళమునకును లెక్క చెప్పవలెను. ఈ లెక్క ఎట్లు పుట్టి పెరిగినదో తెలిసినంత వరకు విన్నవించెదను.

1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీహాక్ సమీపమున రైట్ సోదరులు ఎగిరించిన యంత్రము రెక్కల నిడివి 40 అడుగుల 4 అంగుళములు. ఆ ఇసుకదిబ్బలలో గాలివానకు తాళుటకై వారు కొయ్యపలకలతో కొట్టము కట్టుకొనవలసివచ్చెను. అనగా విమానమును, విమానశాలయు కవలలవలె కలిసి పుట్టినవనుట అతిశయోక్తి కాదు.

సామాన్య గృహస్థుడు విమానము కొనవలెనన్నచో శాల ఖర్చే పెద్ద అడ్డంకి. దీనిని గుర్తించినవాడు ఇంగ్లండున జెఫ్రీ డి హావిలాండ్. 1925 ఫిబ్రవరి 22న ఆయన తొలిసారి ఎగిరించిన మాత్ విమానమునకు రెక్కలు పక్షి రెక్కలవలె వెనుకకు ముడుచుకొనెడివి. విప్పినప్పుడు సుమారు 30 అడుగులుండు రెక్కలు, ముడిచినపిమ్మట సుమారు 10 అడుగులలో ఇముడును. బండికొట్టమే దానికి చాలును.

ఇది ఒక ఇంజను విమానము మాట. రెండు ఇంజనులైనచో వానిని సాధారణముగా రెక్కలపైననే నిలుపుదురు. బరువును, ఇంధనపు గొట్టములును, మీటల తీగలును అన్నియు రెక్కలోనికే చేరును. అట్టి రెక్కను ముడుచుట యెట్లు? ఈ ప్రశ్నకు 1932లో రెండు సమాధానములు వచ్చినవి. స్టీగర్ అను స్విస్ దేశపు ఇంజనీరు పద్ధతిననుసరించి జనరల్ ఎయిర్‌క్రాఫ్ట్ వారు మోనోస్పార్ ఎస్.టి.-4 నిర్మించిరి. రెండు చిన్న పాబ్జాయ్ ఇంజనులు, 40 అడుగుల రెక్కలు. అయినను రెక్కలు ముడుచుకొనును. అదే సంవత్సరము నవంబరులో డి హావిలాండ్ వారి డ్రాగన్ ఎగిరెను. దానిలో ఇంజనులకు వెలుపలనున్న రెక్కభాగము మాత్రమే మడచునట్లు చేసిరి. బరువైన భాగమును కదలనీయక, తేలికైన భాగమును మాత్రము మడచుట ఇందలి కిటుకు.

ఈ పద్ధతి సొంత విమానములలో చిరకాలము నిలువలేదు. లోహపు రెక్కలు, వానిలో ఇంధనపు తొట్లు, మడచుకొను చక్రములు వచ్చిన తరువాత రెక్కలో కీలు పెట్టుట బరువునకును ఖర్చునకును కారణమయ్యెను. ఓడపై స్థలము మిక్కిలి కొరత గనుక నౌకాదళ విమానములలో మాత్రము అది నిలిచెను. 1937 నాటి బీచ్‌క్రాఫ్ట్ 18కి రెక్కలు 47 అడుగుల 8 అంగుళములు. 1954లో అమ్మకమునకు వచ్చిన పైపర్ అపాచీకి 37 అడుగులు. వీనికి ముడుచుట లేదు. కావున విమానమునకు బదులు శాలయే మారవలసివచ్చినది. రెక్కలవద్ద వెడల్పుగాను, తోకవద్ద ఇరుకుగాను, ఇంగ్లీషు టీ అక్షరమువలె గదులు కట్టి, ఒకదాని తోకచోటు ప్రక్కదాని రెక్కచోటున చొచ్చునట్లు వరుసలు తీర్చిరి. పెద్దశాలలలోనైతే పై రెక్క విమానపు రెక్క క్రింద, క్రింది రెక్క విమానపు రెక్కను నేర్పుగా దూర్చుదురు.

లోనికి త్రోయుటకును ఒక ధర్మము కలదు. రెండు రెక్కల కొనలవద్ద ఇద్దరు, తోకవద్ద ఒకరు నిలువవలెను. ముగ్గురిలో ఎవరు ఆగుమన్నను అందరును ఆగవలెను. ముందుచక్రమును దాని హద్దు మీరి త్రిప్పరాదు. ప్రొపెల్లరు పట్టి నెట్టరాదు. ఆపియున్నదనుకొన్న ఇంజను ఒక్కొక్కప్పుడు అంటుకొని ప్రాణము తీయును. నేలపై చక్రములకు గీతలు గీసినచో సగము పని తగ్గును.

వెడల్పును అందరును కొలిచెదరు. ఎత్తును మరచెదరు. ఇందులకు నేనే సాక్షిని. నలుబది యేండ్ల క్రిందట ఒక సంస్థలో గుమాస్తాగా నున్నప్పుడు శాల పుస్తకమున కొలతలు వ్రాయుట నా పని. ఒక రెండు ఇంజనుల విమానము తోక ఎత్తును తయారీదారుల పట్టికనుండి ఎత్తి వ్రాసితిని. తొట్లు నిండియుండగా అది ద్వారపు పైకమ్మి క్రింద అంగుళమున్నర సందుతో లోనికి పోయినది. లోపల మరమ్మతుకై ఇంధనము తీసివేసిరి. బరువు తగ్గగానే చక్రపుకాళ్లు సాగి విమానము పైకి లేచినది. వెలుపలికి లాగునప్పుడు తోకకొన కమ్మికి తగిలి నలిగెను. తోకవద్ద నిలిచిన ఖలాసీ జీతములో కోత పడినది. తేలికయైన విమానము ఎత్తు పెరుగునను సంగతి నా పుస్తకములో లేదని నేను అధికారులకు చెప్పుటకు మూడు దినములు పట్టినది. కోత రద్దు కాలేదు. నాటినుండి ప్రతి కొలతప్రక్కను తొట్టి నిండినప్పుడు ఎంత, ఖాళీయైనప్పుడు ఎంత అని రెండంకెలు వ్రాయుచు వచ్చితిని. ముందుచక్రమును కొంచెము ఎత్తినచో తోక దిగునని పిమ్మట ఆ ఖలాసీయే నాకు చూపెను.

మన బళ్లారివారికి ఈ చరిత్రలో చిన్న పాలు కలదు. 1932 అక్టోబరు 15న కరాచీనుండి జె.ఆర్.డి. టాటా బొంబాయికి తెచ్చిన తపాలను నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. ఆ పస్ మాత్ విమానమునకును రెక్కలు ముడుచుకొనెడివి. బళ్లారి అప్పుడు మద్రాసు రాష్ట్రమున నుండెను. 1953లో మైసూరులో చేరినది. ఊరు కదలలేదు, ఎల్లలు కదలినవి.

పరుల ఊర చోటు చూచుకొని మన పెద్దలును రెక్కలు ముడుచుకొనిరి, కోసికొనలేదు. ఇంటిలో తెలుగు మాటలాడునంత కాలము ఆ కీలు తుప్పు పట్టదు. పిల్లలకు విప్పుటయు నేర్పుదము.